కాజీపల్లిలో బిగిసిన లేసు

కరోనా మూతిగుడ్డలు విప్పిన మరుసటేడు, తొలకరి పడే రోజుల్లో, పటాన్‌చెరు పారిశ్రామికవాడలోని మా కంపెనీ నన్ను ‘చేతిపని విభాగం’ బాధ్యుడిగా వేసింది. అప్పటికి నా హోదా సీనియర్ క్వాలిటీ ఇన్‌స్పెక్టర్. నా పైన క్వాలిటీ మేనేజరు, ఆయన పైన జనరల్ మేనేజరు, ఆ పైన దేవుడు. నా కింద కుట్టిన సరుకును పరీక్షించే చెకర్లు, దారాలు కత్తిరించే ట్రిమ్మర్లు, ఆ కింద మళ్లీ దేవుడే. దుప్పట్లు, కర్టెన్లు, టేబుల్ కవర్లు కుట్టి విదేశాలకు పంపడం మా యూనిట్ పని. కాంపౌండు ఎంత పెద్దదంటే ఈ చివర వాన పడుతుంటే ఆ చివర మిరపకాయలు ఎండబెట్టుకోవచ్చు. నాకిచ్చిన గది ఆ మిరపకాయల చివర, బాయిలరు గోడకు ఆనుకుని ఉండేది.

విభాగం అంటే పదిమందైనా ఉంటారని చదివేవారు ఊహిస్తారు. ఆ విభాగంలో నేనున్నాను, ఒక లైటు బల్ల ఉంది. లైటు బల్ల అంటే అద్దం కిందినుంచీ, పైనుంచీ, పక్కలనుంచీ ట్యూబులు వెలిగే తనిఖీ బల్ల. బట్టలో చిన్న ముడి కూడా దాక్కోకూడదని అన్ని వైపులా వెలుగు పెడతారు. దాని ముందు నిలబడ్డ మనిషికి నీడ ఉండదు. మొదటి వారంలోనే నా నీడ రాజీనామా రాసిచ్చి ఇంకేదో కంపెనీలో చేరిపోయిందని నిర్ధారించుకున్నాను. మాట్లాడటానికి ఎవరూ లేక బాయిలరుతో మాట్లాడటం మొదలుపెట్టాను. అది ఉండుండి ఆవిరి వదిలి ‘ఊఁ’ కొట్టేది. మా మేనేజరు మీద నేను చెప్పిన ఏ అభిప్రాయాన్నీ అది కాదనలేదు.

సాయంత్రం కంది గ్రామంలో కిరాయి గదికి చేరేవాణ్ణి. ఒక పక్క పెద్ద విద్యాసంస్థ గోడ, ఒక పక్క మొక్కజొన్న చేను, ఎదురుగా హైవే. ఉద్యోగం హడావిడిలో పెళ్లి చేసుకోవడం మరిచిపోయిన మనిషిని కావడంతో, లారీ హారన్ వినగానే అది ఏ రాష్ట్రంనుంచి వస్తోందో, డ్రైవరు భోంచేశాడో లేదో చెప్పగలిగే స్థాయికి చేరుకున్నాను. ఆ విద్యకు ఎక్కడా ఇంక్రిమెంటు ఇవ్వరు.

విభాగం పుట్టుకకు కారణం ఒక బయ్యరు. అంటే మా సరుకు కొని తమ దుకాణాల్లో అమ్ముకునే విదేశీ సంస్థ. వాళ్లకు చేత్తో అల్లిన లేసు టేబుల్ కవర్లు కావలసి వచ్చాయి. తాము మెచ్చిన నమూనా ఒకటి పంపారు. అలాంటి నమూనాకు ఎవరూ మార్చకుండా ముద్ర వేసిన ట్యాగు కట్టి ఉంటుంది కనుక ‘సీల్డ్ శాంపిల్’ అంటాం. మా వృత్తిలో అది వేదం. తయారైన ప్రతి సరుకునూ దాని పక్కన పెట్టి చూస్తాం. తేడా అనుమతించిన హద్దు దాటిందా, రిజెక్టు. బ్రహ్మ వచ్చి సంతకం పెట్టినా పాస్ కాదు.

లేసు గురించి కొంత చెప్పుకోవాలి. బట్ట మీద పువ్వులు కుట్టడం వేరు, బట్టే లేకుండా దారంతో పువ్వులు నిలబెట్టడం వేరు. ఈ రెండో దాన్ని గోదావరి డెల్టాలో తెల్ల దొరసానులు ఆడపిల్లలకు నేర్పి నూట యాభై ఏళ్లు దాటిందంటారు. వాళ్లు చేసేది కొక్కెం సూదితో అల్లే క్రోషే. ఒక్క సూది, ఒక్క దారం, ఒక ఉచ్చులోంచి ఇంకో ఉచ్చు. మగ్గాన్ని, కుట్టు మిషన్ని, చివరికి మనిషి బుర్రను కూడా యంత్రాలు అనుకరిస్తున్న ఈ రోజుల్లో, అచ్చంగా ఈ కొక్కెం చేసే పని చేసే యంత్రం మాత్రం నాకు తెలిసి రాలేదు. మిషన్ లేసు దాని వేషం వేసుకుని తిరుగుతుందంతే. తిరగేసి చూస్తే దొరికిపోతుంది: చేతి లేసుకు వెనకా ముందూ దాదాపు ఒకే మర్యాద ఉంటుంది, మిషన్ లేసు వెనకవైపు పెళ్లయిన మర్నాటి విడిదిల్లులా ఉంటుంది.

గోదావరి వ్యాపారుల దగ్గర కొనకుండా, మన పారిశ్రామికవాడలోనే కార్మికుల ఇళ్లలోని ఆడవాళ్లచేత అల్లిద్దామన్నది జనరల్ మేనేజరు ఆలోచన. బస్తీల్లో కాగితాలు అంటించారు. ఆయన అంచనా ప్రకారం గేటు విరిగేటంత జనం రావాలి. వచ్చింది మంగాయమ్మ.

ఆమెకు యాభై దాటి ఉంటాయి. నరసాపురం దగ్గరి పల్లె. భర్తకు కాజీపల్లిలోని ఒక మందుల ఫ్యాక్టరీలో షిఫ్టు పని దొరికితే అక్కడే వరస గదుల్లో ఒకదాంట్లో కాపురం పెట్టారు. పరీక్షగా ఒక పువ్వు అల్లమని సూదీ దారం ఇచ్చాను. ఆమె అల్లడం నేను చూశానని ప్రమాణం చేయలేను. దారం భయపడి తనంతట తానే పువ్వయింది. పిక్ గ్లాసుతో, అంటే దారాలు లెక్కపెట్టే చిన్న భూతద్దంతో, రేకులన్నీ పరీక్షించాను. సీల్డ్ శాంపిల్‌లోని పువ్వును పక్కన పెడితే ఏది ఏదో నాకే తెలియక కాసేపు చెమటలు పట్టాయి.

ఎలా ఉంది ఇక్కడ అని మర్యాదకు అడిగాను.

“ఏం ఉంటదండీ. అటు గదోళ్లు ఒరిస్సా, ఇటు గదోళ్లు బీహారు. ఆళ్ల భాష నాకు రాదు, నా భాష ఆళ్లకి రాదు. ఈయనేమో డ్యూటీ చేసొచ్చి పడుకుంటారు. గోడకి చెప్పుకుంటన్నానండి.”

మీకు గోడ, నాకు బాయిలరు అని చెబుదామనుకున్నాను. హోదా అడ్డొచ్చింది.

జనరల్ మేనేజరు షరతు ఒక్కటే: వినాయక నిమజ్జనం అయిన తర్వాతి వారం బయ్యరు ఏజెంటు వస్తాడు. అప్పటికి ఒక పూర్తి కవరు బల్ల మీద ఉండాలి. లేకపోతే విభాగం మూత. మూత సంగతి మంగాయమ్మకు చెబితే, ఆమె దారం ఉండల్ని ఒళ్లోకి లాక్కుని, “మూసేత్తే ఇంక నన్ను రావద్దంటారాండీ?” అని అడిగింది. అవునన్నాను. ఆమె ఆ రోజు దారం రెండు ఉండలు ఎక్కువ తీసుకుంది.

అప్పటినుంచీ ప్రతి శనివారం దారం కోసం వచ్చేది. దారం తీసుకోవడానికి పట్టే సమయం ఒక తుమ్ముకు పట్టేటంత. మిగిలిన గంటన్నరా మాటలే. వారమంతా నోట్లో నిలవ చేసిన మాటల్ని నా బల్ల మీద కుప్ప పోసి వెళ్లేది. వాళ్ల ఊరి కాలవ, పులస, తోడికోడలి చెవిటితనం, తుఫానులో ఎగిరిపోయి పక్క ఊళ్లో దిగిన రేకుల కప్పు. పని ఎందాకా వచ్చిందంటే, “అవుతోందండి” అనేది. శుక్రవారం నుంచే నాకు శనివారం మీద ధ్యాస ఉండేదని రాస్తే ఈ వ్యాసం హోదా తగ్గుతుంది గానీ, ఉండేది.

వినాయకుణ్ణి మండపంలో కూర్చోబెట్టిన మర్నాడు మంగాయమ్మ సరుకు తెచ్చింది. ఉతికి మడిచిన దిండు గలీబులో మూట. ఆ సమయానికి చెకర్ల ఇన్‌చార్జి బాలమణి కూడా గదిలో ఉంది. గుమ్మడిదల దగ్గరి పల్లె ఆమెది. వ్యవసాయం కొంత, ఫ్యాక్టరీ కొంత, నోరు పూర్తిగా. ఆమె ఒక మాట అంటే పక్క ప్లాంటులో అలారం మోగేది.

మంగాయమ్మ గలీబు విప్పి బల్ల మీద బోర్లించింది. పువ్వులు. తెల్లటి లేసు పువ్వులు, ఒకదాని మీద ఒకటి జారుతూ, అద్దం నిండి, అంచులనుంచి రాలుతూ. నేను గలీబు లోపలికి చూశాను. ఖాళీ.

“కవరేదమ్మా?” అన్నాను.

“కవరేంటండీ?”

“టేబుల్ కవరు.”

“అది అతుకోళ్లు చేత్తారు కదండీ” అంది, సూర్యుడు తూర్పునే పొడుస్తాడు కదండీ అన్నంత తేలిగ్గా.

అప్పుడు తెలిసింది సంగతి. వాళ్ల సీమలో లేసు పని ముక్కలుగా నడుస్తుంది. పువ్వులు అల్లడం చేతిపని. వాటిని కలపడం అతుకుపని. ఒక ఊళ్లో పువ్వులు, ఇంకో ఊళ్లో అతుకు. మధ్యలో వ్యాపారి మనిషి మూటలు మోస్తాడు. మంగాయమ్మ గౌను వేసుకునే వయసునుంచి పువ్వులే అల్లింది. ఆమె తల్లీ పువ్వులే. ఆ పువ్వులు చివరికి ఏమయ్యేవో ఇద్దరూ చూడలేదు. లేసు వచ్చా అని మేం అడిగాం, వచ్చంది. అందులో అబద్ధం లేదు. వంట వచ్చా అని అడిగి, కూరగాయలు మాత్రమే తరగగలిగిన మనిషిని పెళ్లి భోజనాలకు పిలిచినట్టయింది.

బాలమణి పువ్వుల కుప్పను అటు ఇటు కదిపి చూసింది.

“ఇగ ఒక తాంబాళం దెస్తే సార్, బతుకమ్మ పేర్సుకోవచ్చు. ఏజెంటు సాబును సుట్టు తిరిగి చప్పట్లు గొట్టమందాం.”

అతుకు పని తెలిసినవాళ్లెవరినైనా మీ ఊరినుంచి పిలిపించగలరా అని మంగాయమ్మను అడిగాను. “నా పువ్వులు ఎవరతికేవారో నాకు తెలవదండి. ఏ ఊరో కూడా మూటలు మోసే మేస్త్రి చెప్పేవాడు కాదు. ఒక్కసారి ఆవిణ్ణి చూద్దామనుండేదండి, ఎంత కాలం కలిసి పనిచేశామో” అంది. కలిసి అన్న మాట ఆమె మామూలుగానే అంది.

కుట్టు మిషన్ మీద కలిపిస్తే పువ్వుల అంచులు చెల్లెళ్ల పెళ్లిలో అలిగిన అన్నల మూతుల్లా ముడుచుకున్నాయి. ఇక మిగిలింది శాంపిల్‌ను చదవడం. ముద్ర వేసిన నమూనాను విప్పడం మహాపాతకం, చూడటం కాదు. పిక్ గ్లాసు కింద పెట్టి అతుకును చూశాను. అతుకు విడిగా వేసింది కాదు. పువ్వు చివరి వరసలో రేకు కొనకు వచ్చినప్పుడు, సూది పక్క పువ్వు రేకు కొనను పట్టుకుని, గొలుసు కుట్టు వేసి, మళ్లీ తన దారిన వెళుతోంది. నేను చూసి చెప్పాను, మంగాయమ్మ తన పువ్వుల చివరి వరస విప్పి, అతుకుతో మళ్లీ అల్లింది. తప్పితే విప్పింది. ఎక్కడ తప్పిందో నాకు అర్థం కాక నేనూ ఒక సూది పట్టుకున్నాను. తలుపు దగ్గర బాలమణి.

“సార్, గిట్ల సూది వట్టుకోని కూసున్నరని తెలిస్తే మీకు సంబంధాలొస్తయి. పిల్లగాడు నెమ్మదస్తుడు, అల్లికలొచ్చు అని జెప్తా మా ఊర్ల.”

“జెప్పు జెప్పు. జీతం గూడ జెప్పు, వాళ్లే వద్దంటరు” అన్నాను.

అతుకు మంగాయమ్మ చేతికి వచ్చింది. నా చేతికి వచ్చింది పురికొస లాంటి పదార్థం. దాన్ని తర్వాత పార్సిళ్లకు వాడారు. రోజూ బస్సెక్కి వచ్చి ఆమె వరసలు కలుపుతూ పోయింది. సగం పూర్తయ్యాక బల్ల మీద పరిచాం. పరుచుకోలేదు. ఒక పక్క నీళ్లలా చదునుగా ఉంది, రెండో పక్క అంచులు లేచి లోపలికి ఒంగింది. టేబుల్ కవరు అల్లబోతే గంప వచ్చింది. అందులో ఓ మోస్తరు కోడిని కమ్మేయవచ్చు.

నా వృత్తి అప్పుడు మేలుకుంది. కాలిపరు, అంటే సన్నని కొలతలు తీసే సాధనం, తెచ్చి పువ్వుల అడ్డుకొలత తీశాను. మొదట్లో అల్లినవి శాంపిల్‌తో సమానం. తర్వాతవి కొంచెం చిన్నవి. చివరి శనివారాలవి ఇంకా చిన్నవి. దారం లాటు, అంటే ఒకే విడతలో తయారైన సరుకు, మారిందేమో చూశాను, మారలేదు. సూది నంబరు అదే. ఉతికితే కుంచించుకుపోయాయేమోనని రెండు రకాలనూ ఉతికి ఆరేశాను, తేడా తేడాగానే ఉంది. కుట్లు లెక్కపెట్టాను, ఒక్కటీ తక్కువ కాదు. అదే దారం, అదే సూది, అన్నే కుట్లు, పువ్వు మాత్రం వారం వారం ముడుచుకుంటూ వచ్చింది.

మంగాయమ్మ తొలి పువ్వొకటి, చివరి పువ్వొకటి తీసుకుని అరచేతిలో పక్కపక్కన పెట్టుకుంది. పువ్వులు ఒక్కొక్కటిగా చూసినప్పుడు ఈ తేడా కంటికి ఆనదు. అతికితేనే బయటపడుతుంది. తన పువ్వు ఒక్కటి కూడా ఎన్నడూ వెనక్కి రాలేదని శనివారాల్లో ఆమె నాకు చెప్పి ఉంది.

“ఊళ్లో అరుగు మీద అందరం కూచుని అల్లేవోళ్లమండి” అంది చివరికి. “నోరు ఆడతా ఉంటే చెయ్యి దాని పని అది చేసుకుపోద్ది. ఇక్కడ నోరు మూసుకుని అల్లానండి. పళ్లు బిగిసిపోయుంటాయి. దారం కూడా బిగిసిపోయింది.”

గంప చూడటానికి వచ్చిన బాలమణి స్టూలు లాక్కుని ఆమె పక్కన కూర్చుంది.

హద్దు దాటిన పువ్వులన్నీ నేనే ఏరి రిజెక్టు తొట్టిలో వేశాను. నిబంధన అది. మిగిలినవి కవరుకు చాలవు, ఏజెంటు రావడానికి వారం పైన కొద్ది రోజులే ఉన్నాయి. కాజీపల్లి గదికి మళ్లీ దారం పంపితే మళ్లీ అవే పువ్వులు వస్తాయి. మంగాయమ్మ కొంగు చివర వేలికి చుట్టుకుంటూ, “పోనీలెండి సార్. మూసేయండి. ఇంట్లోనే ఉంటాను” అంది. ఇంట్లో అన్న మాటను ఆమె ఆసుపత్రి పేరు చెప్పినట్టు చెప్పింది.

“ఎందుకు మూస్తరు? మా టేబుల్ కాడ కూసుండబెట్టున్రి” అంది బాలమణి. “ఆడ నోరు మూస్తే మేమే తిడ్తం.”

చెప్పడం తేలిక. చెకర్ల బల్ల ఉండేది షాప్ ఫ్లోరు మీద, అంటే కుట్టు, తనిఖీ జరిగే పెద్ద హాలులో. అక్కడ సూదుల నిబంధన ఇనపకచ్చడం. మిషన్ సూది విరిగితే దాని ముక్కలన్నీ దొరికేదాకా లైను ఆపేస్తారు. దుప్పట్లో సూదిముక్క వెళ్లిందంటే కంపెనీ వెళ్లిందనే లెక్క. బయటి మనిషిని, ఇనప కొక్కెంతో, ఆ హాలులో కూర్చోబెట్టడానికి క్వాలిటీ మేనేజరు ఒప్పుకోలేదు. నేను జనరల్ మేనేజరు దగ్గరకు వెళ్లాను. మీ గదిలోనే కూర్చోబెట్టండి, అది ఖాళీయే కదా అన్నారాయన. ఆ గదిలో ఇప్పటికే ఒక మనిషి బిగుసుకుపోయి ఉన్నాడని, పువ్వులకు అక్కడి గాలి పనికిరాదని మనవి చేశాను. ఆయన చివరికి ఒక షరతు మీద ఒప్పుకున్నారు. కొక్కేనికి ఎర్ర రిబ్బను కట్టి, రిబ్బను మంగాయమ్మ మణికట్టుకు ముడివేయాలి. వచ్చేటప్పుడు ఆ ముడి వేయడం, పోయేటప్పుడు విప్పడం నా ఎదుటే జరగాలి.

అలా మంగాయమ్మ చెకర్ల మధ్య కూర్చుంది. బాలమణి మొదటి గంటలోనే ఆమె ఏడు తరాల చరిత్ర రాబట్టి, ఎనిమిదో తరానికి పేర్లు కూడా పెట్టేసింది.

“అక్కా, నీ మాటలల్ల అండీలన్ని ఏరితే ఇంకో టేబుల్ కవరైతది.”

“మీ గిట్ల గట్లలు ఏరితే దానికి అంచు అవుద్దమ్మా” అంది మంగాయమ్మ.

బల్లంతా నవ్వింది. ఆ పూట పువ్వులు కొలిస్తే హద్దు దాటి పెద్దవయ్యాయి. ఒక పువ్వైతే నా అంచనాలో చిన్న సైజు గొడుగు. ఇక రోజూ నా పని కొలవడం, కొలతను బట్టి సంభాషణను సరిదిద్దడం. పువ్వు పెరిగితే బాలమణిని వాళ్ల అత్తగారు పెట్టిన ఆరళ్ల కథ ఎత్తుకోమనేవాణ్ణి. తగ్గితే, అదే అత్తగారు కంది చౌరస్తాలో బస్సు అనుకుని పెళ్లి వ్యాను ఎక్కి కూర్చున్న కథ. మూడో రోజుకు పువ్వు శాంపిల్ కొలత దగ్గర నిలబడి ఇక కదల్లేదు. గంటకొకసారి కొలిస్తే చాలు. నేను పావుగంటకొకసారి కాలిపరు పట్టుకుని వెళ్లేవాణ్ణి. “మళ్ల వచ్చిండు సార్, కొలుసుకోనియ్యిన్రి” అని వాళ్లు జరిగి చోటిచ్చేవారు. కొలిచి, బాగుందని చెప్పి, నా గదికి తిరిగి వచ్చేవాణ్ణి.

ఏజెంటు వచ్చే ముందు రోజు ఆఖరి వరస కలిసింది. కవరును ఉతికి, పలచని గంజి పెట్టి, మెత్తటి పలక మీద కొలతకు గుండుసూదులు గుచ్చి ఆరనిచ్చాం. లేసుకు ఇదే ఇస్త్రీ. సూదులు తీసి లైటు బల్ల మీద పరిస్తే, ఈసారి పరుచుకుంది.

మంగాయమ్మ బల్ల చుట్టూ నెమ్మదిగా తిరిగింది. పువ్వుల్ని ఆమె పెద్దగా పట్టించుకోలేదు, అవి ఆమెకు కొత్త కాదు. నాలుగు పువ్వులు కలిసే చోట మధ్యలో మిగిలే చుక్కలాంటి ఖాళీ మీద వేలు పెట్టింది. కిందినుంచి వెలుగు అన్ని ఖాళీల్లోంచీ పైకి వస్తోంది.

“ఈ సందులు ఇంత బాగుంటాయని నాకు తెలవదండి” అంది. “మేం ఎప్పుడూ పువ్వులే అనుకున్నాం.”

మర్నాడు ఏజెంటు కొలిచాడు, తిరగేశాడు, లాగాడు, సీల్డ్ శాంపిల్ పక్కన పెట్టాడు, పాస్ అన్నాడు. చిన్న ఆర్డరే ఇచ్చాడు. పని షాప్ ఫ్లోరు మీదనే జరగాలని నేను తనిఖీ షరతుగా రాశాను, ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. మంగాయమ్మ పేరు హ్యాండ్ వర్కర్‌గా హాజరులో ఎక్కింది. కాజీపల్లి బస్సులో కిటికీ పక్క సీటు ఆమెకు స్థిరపడింది. కొంతకాలానికి బయ్యరు లేసు మాని సాదా అంచులు కోరాడు. అప్పుడు ఆమెను ట్రిమ్మింగులోకి మార్చారు. బల్ల మాత్రం అదే. శనివారాలు ఆమెకు నా గదికి రావలసిన పని ఉండేది కాదు.

పని హాలులోకి వెళ్లిపోయాక చేతిపని విభాగంలో మళ్లీ నేనూ, లైటు బల్లా మిగిలాం. కంపెనీ స్వచ్ఛంద విరమణ ఇచ్చేదాకా, అంటే ఇంకో రెండేళ్లు, అక్కడే ఉన్నాను. తలుపు తెరిచి ఉంచితే చెకర్ల నవ్వు వినిపించేది. తెరిచే ఉంచేవాణ్ణి.

ఈ ఉదంతం నేర్పింది వృత్తికి సంబంధించినదే. చేతిపనిలో కొలత మారితే ముందు దారం లాటు చూడమంటారు, తర్వాత సూది నంబరు, ఆ తర్వాత ఉతుకు. ఈ మూడూ సరిగా ఉంటే, పని చేసిన మనిషి పక్కన ఎవరు కూర్చున్నారో కనుక్కోవాలి. ఆ ప్రశ్ననే మొదట అడిగితే మిగిలిన మూడింటికి పట్టే సమయం కలిసివస్తుంది.